కూరగాయల మీద మందు: కడిగితే పోయేది, కొనేటప్పుడే తప్పించుకోవాల్సింది

బెంగళూరులో మా హూడి వైపు శనివారం సాయంత్రం కూరగాయల బండి దగ్గర నిలబడితే కన్నడంతో సమానంగా తెలుగు వినపడుతుంది. కడప, చిత్తూరు, నెల్లూరు, ఒంగోలు, అన్ని యాసలూ. కొత్తిమీర కట్ట ఎత్తి వాసన చూసి అందరూ అడిగేది ఒకటే: "నాటిదేనా?" బండాయన "నాటి, నాటి" అంటాడు. పది రూపాయలు ఎక్కువిచ్చి, పురుగుమందు కొట్టనిది దొరికిందన్న తృప్తితో ఇంటికి తెచ్చుకుంటాం.

నాటి అంటే మన నాటు. అది విత్తనం రకానికి పేరు, అంతే. నాటి కొత్తిమీరకు వాసన బాగుంటుంది, నాటి టమోటాకు పులుపు బాగుంటుంది. పురుగు మాత్రం దేన్నీ వదలదు, రైతు దేనికైనా మందు కొట్టక తప్పదు. మదనపల్లె పక్కన టమోటా పండించే ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. రేపు కోత అనగా ఈరోజు సాయంత్రం మా నాయిన మందు కొట్టడం నేను చూశాను. ఎందుకని అడిగితే, "పుచ్చుండే కాయను మండీలో ఎవురు తీసుకుంటారు పాపా?" అన్నాడు.

ఇదంతా విని కూరగాయలు తగ్గించుకోకండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంది. మనలో చాలామంది అందులో సగం కూడా తినడం లేదు. ఆ లెక్క తగ్గించకుండా, వాటితోపాటు లోపలికి పోయే మందును ఎలా తగ్గించుకోవాలో చెబుతాను.

మందు ఎక్కడుందో తెలిస్తే సగం పని అయినట్టే

పంటకు కొట్టే మందులు స్థూలంగా రెండు రకాలు. స్పర్శ మందులు ఆకు మీద, కాయ మీద పైపూతగా ఉండి తాకిన పురుగును చంపుతాయి. సైపర్‌మెత్రిన్, క్లోర్‌పైరిఫాస్ ఈ రకం. తెగుళ్లకు కొట్టే మాంకోజెబ్ కూడా ఇలాగే పైనే ఉంటుంది. రెండో రకం అంతర్వాహిక మందులు. వీటిని మొక్క పీల్చుకుంటుంది, రసంలో కలిసి అంతటా తిరుగుతాయి. ఇమిడాక్లోప్రిడ్, ఎసిఫేట్, కార్బెండజిమ్ అలాంటివి. రసం పీల్చే దోమ, పేనుబంక ఇమిడాక్లోప్రిడ్ లాంటివాటికి చచ్చేది అందుకే.

పైన ఉన్నది చాలావరకు కడిగితే పోతుంది. రసంలో కలిసింది ఏ నీళ్లలో నానబెట్టినా పోదు. ఇంట్లో ఏం చేయాలి, దేనికి డబ్బు పెట్టాలి అన్న నిర్ణయాలన్నీ ఈ తేడా మీదే ఆధారపడి ఉంటాయి.

ఇంకో సంగతి. ఏ మందు కొట్టినా ఇన్ని రోజులు ఆగి కోయాలని గడువు ఉంటుంది. ఆ రోజుల్లో ఎండకీ గాలికీ మందు విరిగి తగ్గుతుంది. బెండకాయ రోజు విడిచి రోజు కోతకొస్తుంది, టమోటా, వంకాయ మూడు నాలుగు రోజులకోసారి. వారం ఆగాలంటే బెండ పీచు పట్టి పశువులకు తప్ప పనికిరాదు. రైతు ఇరుక్కునేది ఇక్కడే, మన పళ్లెంలోకి మందు వచ్చేదీ ఈ సందులోంచే.

కేంద్ర వ్యవసాయ శాఖ 2014–15లో దేశమంతటి నుంచి 20,618 నమూనాలు తెచ్చి పరీక్ష చేయిస్తే 18.7 శాతంలో మందు అవశేషాలు కనపడ్డాయి. చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితిని దాటినవి 2.6 శాతం. ఇంతేనా అని ఊపిరి పీల్చుకోవచ్చు. నన్ను కలవరపెట్టింది అదే నివేదికలోని ఇంకో అంకె: 12.5 శాతం నమూనాల్లో అనుమతి లేని మందులు ఉన్నాయి. అంటే దుకాణంలో ఏ డబ్బా ఇస్తే అది, ఏ పంటకైనా కొట్టేస్తున్నారన్నమాట.

కడిగే పద్ధతి

తరగకముందే కడగండి. తరిగాక కడిగితే పైనున్న మందు కోసిన చోటికి చేరుతుంది, విటమిన్లు నీళ్లలో పోతాయి.

అన్నిటికన్నా ముందు వేళ్లతో రుద్దడం. అమెరికాలో కనెక్టికట్ వ్యవసాయ ప్రయోగ కేంద్రం వాళ్లు 2000లో ప్రచురించిన పరిశోధనలో ఉత్తి కుళాయి నీళ్ల కింద కడిగితేనే పరీక్షించిన 12 మందుల్లో తొమ్మిది తగ్గాయి. నీళ్లలో తేలిగ్గా కరిగే మందే పోతుందన్న నియమం కూడా కనపడలేదు. ధార, రాపిడి చేసే పని అది. గిన్నెలో ముంచి తీస్తే కడిగినట్టు కాదు.

కుళాయి వదిలేసి కడగమని వేసవిలో ట్యాంకరు నీళ్లు కొనుక్కునే ఇళ్లకు చెప్పలేను. మా ఇంట్లో రెండు టబ్బులు పెట్టుకుంటాం. మొదటి దాంట్లో ఉత్తి నీళ్లు. ఒక్కో కాయను చేతిలోకి తీసుకుని అర నిమిషం రుద్దాలి. కాకర, బీర లాంటి గరుకు కాయలకు మెత్తటి బ్రష్ వాడండి, ఈ పనికి తప్ప ఇంక దేనికీ వాడనిది. ఈ నీళ్లు పూల కుండీలకు పోసుకోవచ్చు.

రెండో టబ్బులో లీటరు నీళ్లకు రెండు టీ చెంచాల వంట సోడా కలపండి, సుమారు 10 గ్రాములు. కాయలు మునిగేలా 12 నుంచి 15 నిమిషాలు ఉంచండి. ఈ కొలత 2017లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆపిల్ పండ్ల మీద చేసిన ప్రయోగం నుంచి తీసుకున్నది. థయాబెండజోల్, ఫాస్‌మెట్ అనే రెండు మందులు పూసి చూస్తే, ఉత్తి నీళ్ల కంటే, బ్లీచింగ్ నీళ్ల కంటే సోడా నీళ్లు తొక్క పైనున్న మందును బాగా తీశాయి. తొక్క లోపలికి ఇంకిపోయిన థయాబెండజోల్ మాత్రం అలాగే ఉండిపోయింది. చివర్లో ఒక చెంబు మంచినీళ్లతో తొలవండి. సోడా నీళ్లు మొక్కలకు పోయకండి, బాత్రూమ్‌లో వాడుకోండి.

వంట సోడా, బట్టల సోడా ఒకటి కావు. పొట్లాం మీద పేరు చూసి కొనండి. గిన్నెల సబ్బు, సర్ఫు నీళ్లు అసలు వద్దు. కాయ తొక్కకు సన్నటి రంధ్రాలుంటాయి, సబ్బు అందులో నిలిచిపోతుంది. ఒక మందును వదిలించబోయి ఇంకోదాన్ని తినడం ఎందుకు?

సోడా లేకపోతే చింతపండు ఉంది కదా. తిరువనంతపురం దగ్గర వెళ్లాయణిలోని కేరళ వ్యవసాయ కళాశాలలో మందు అవశేషాల ప్రయోగశాల ఉంది. వాళ్లు ఇళ్లలో వాడమని చెప్పిన పద్ధతుల్లో చింతపండు నీళ్లు ఒకటి. లీటరుకు 20 గ్రాములు, అంటే చిన్న నిమ్మకాయంత ఉండ పిసికి వడగట్టి, అందులో కూరగాయలు నానబెట్టి, తర్వాత మంచినీళ్లతో కడగడమే. ఉప్పు నీళ్లయితే లీటరుకు ఒక పెద్ద చెంచా నిండా వేయండి.

ఇక ఒక్కో కూరకు ఒక్కో తీరు.

వంకాయ ముచ్చిక రెక్కలు ఎప్పుడైనా ఎత్తి చూశారా? ఈసారి చూడండి. మందు నీళ్లు కాయ మీద నుంచి జారిపోతాయి గానీ ఆ రెక్కల కింద నిలబడి అక్కడే ఆరతాయి. ఒక్కోసారి సన్నటి తెల్లటి చార కంటికే కనపడుతుంది. గుత్తి వంకాయకు ముచ్చిక ఉంచితేనే అందం, నాకూ అదే ఇష్టం. కానీ పిల్లలకు వండే రోజు రెక్కలు తీసేసి కాడ మాత్రం ఉంచుతున్నాను. కూర రుచికి ఏ లోటూ రాలేదు.

కరివేపాకును రెమ్మ పట్టుకుని కుళాయి కింద ఒకసారి ఊపి తాలింపులో వేసేస్తాం. పొరపాటు అక్కడే. మన దేశం నుంచి వెళ్లే కరివేపాకును, బెండకాయను యూరప్ దేశాలు సరిహద్దులో ఆపి మందు అవశేషాల కోసం ప్రత్యేకంగా పరీక్షించే జాబితాలో పెట్టాయి. ఆకులు రెమ్మ నుంచి దూసి, గుప్పెడు గుప్పెడుగా తీసుకుని రెండు వైపులా రుద్ది, సోడా నీళ్లలో ఉంచి, కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి డబ్బాలో పెట్టుకోండి. వారానికొకసారి చేస్తే పదిహేను నిమిషాల పని. మన ఇళ్లలో చారు, పచ్చడి, పులిహోర, మజ్జిగ అన్నిటిలోనూ పడే ఆకు ఇది, ఆ పదిహేను నిమిషాలు దండగ కాదు.

పచ్చిమిర్చి తొడిమ కడిగాకే తీయాలి. ముందే తీస్తే ఆ రంధ్రంలోంచి నీళ్లు లోపలికి పోతాయి. క్యాబేజీకి పై ఆకులు మూడు తీసి పారేయండి. కాలీఫ్లవర్‌ను పువ్వులుగా విడదీసి గోరువెచ్చటి ఉప్పు నీళ్లలో వేయండి. ఆకుకూరలకు వేరు కోసి, పెద్ద గిన్నెలో నీళ్లు మార్చి మార్చి మూడుసార్లు జాడించండి. గోంగూర, తోటకూర లాంటివి సోడాలో ఎక్కువసేపు ఉంచితే మెత్తబడతాయి, ఐదు నిమిషాలు చాలు. ద్రాక్షను గుత్తిగా కడిగితే మధ్యకు నీళ్లు చేరవు. కత్తెరతో ఒక్కో పండునూ చిన్న కాడతో సహా కత్తిరించి కడగండి. పండు మీద గుడ్డతో తుడిస్తే పోయే సన్నటి బూడిద పూత పండు తనకు తాను పెట్టుకునే మైనం, దానికి భయపడక్కర్లేదు. చుక్కలు చుక్కలుగా, జారినట్టు ఎండిన మరకలు కనపడితే అవి మందువి కావచ్చు.

క్యారెట్, కీరా, బంగాళాదుంపల తొక్క తీయొచ్చు. పీచు కొంత పోయినా, పచ్చిగా తినే పిల్లలకు తీసి పెట్టడమే మేలు.

ఉడికిస్తే అన్నీ పోతాయన్న ధీమా వద్దు. కొన్ని మందులు వేడికి విరుగుతాయి నిజమే. కానీ మాంకోజెబ్ వేడికి విరిగి ఇథిలీన్ థయోయూరియా అనే ఇంకో చెడ్డ పదార్థంగా మారుతుంది. పొయ్యి మీద పెట్టకముందే కడగాలనేది అందుకే.

ఆకుపచ్చ రంగు పూసిన మిర్చి, బెండ అనుమానం ఉంటే చిన్న పరీక్ష ఉంది, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పినదే. దూదిని లిక్విడ్ పారాఫిన్‌లో ముంచి కాయ మీద రుద్దండి. దూది పచ్చగా మారితే మాలకైట్ గ్రీన్ అనే రంగు పూశారు. ఇది రంగు సంగతే చెబుతుంది. పురుగుమందును పట్టుకునే పరీక్ష వంటింట్లో ఏదీ లేదు.

డబ్బు ఎక్కడ పెట్టాలి

ఎంత కడిగినా లోపలి మందు మిగులుతుందని చెప్పాను కదా. దానికి దారి ఒకటే, ఆ మందు కొట్టని పంట కొనడం. సేంద్రియం తింటే నిజంగా తేడా ఉంటుందా అని మా ఆయనే నన్ను చాలాకాలం అడిగారు. 2006లో సియాటిల్‌లో 23 మంది బడి పిల్లల మీద చేసిన పరిశోధన చూపించాను. ఐదు రోజులు వాళ్ల మామూలు తిండి మార్చి సేంద్రియ ఆహారం పెడితే, వాళ్ల మూత్రంలో మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ ఆనవాళ్లు వెంటనే, దాదాపు కనపడనంతగా పడిపోయాయి. మామూలు తిండికి రాగానే మళ్లీ కనిపించాయి. 2014లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయం నాయకత్వంలో 343 పరిశోధనలు కలిపి చూస్తే, మందు అవశేషాలు కనపడే అవకాశం మామూలు పంటల్లో సేంద్రియ పంటల కంటే నాలుగు రెట్లు ఉంది. పిల్లలది చిన్న ఒళ్లు, బరువుకు తగ్గట్టు చూస్తే మనకంటే ఎక్కువ తిండి. పిల్లలున్న ఇంటికి ఈ లెక్క ఇంకా ముఖ్యం.

నాకు ఇంకో కారణం ఉంది. మందు మనకంటే ముందు చేరేది కొట్టేవాడి ఒంట్లోకి. 2017లో మహారాష్ట్ర యవత్‌మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. మా నాయిన వీపున ట్యాంకు మోసుకుని, ముక్కుకు తువ్వాలు కట్టుకుని సాళ్ల మధ్య నడిచేవాడు. గాలి ఎదురు తిరిగితే ఆ తువ్వాలు తడిసిపోయేది. సాయంత్రానికి కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉండేవి, రాత్రి అన్నం సయించేది కాదు. అమ్మ ఆ తువ్వాలును విడిగా ఉతికేది, మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. సేంద్రియానికి ఇచ్చే ఆ అదనపు రూపాయిల్లో కొంత నేను ఆ తువ్వాలు లెక్కలో వేసుకుంటాను.

అయినా అన్నీ సేంద్రియంగా కొనడం మధ్యతరగతి ఇంటికి కష్టం. కాబట్టి వరుస పెట్టుకోండి. నా వరుస ఇది.

అందరూ టమోటాతో మొదలుపెడతారు. మన తెలుగిళ్లు మొదలుపెట్టాల్సింది కారంతో. మిర్చికి తామర పురుగు, తెల్లదోమ, కాయకుళ్లు అంటూ కొట్టే మందులకు లెక్క లేదు. పైగా ఎండుమిర్చిని మనం కడగం. పచ్చి కాయలో నీరంతా ఎగిరిపోయి మందు మాత్రం మిగులుతుంది, అదే బరువుకు దాని పాళ్లు ఎక్కువవుతాయి. ఆవకాయకు, నంజుకునే పొడులకు, ఇగురుకు మనం వాడేంత కారం ఈ ఊళ్లో ఇంకెవరూ వాడరు. అందుకే ఏడాదికి సరిపడా సేంద్రియ మిర్చి ఒకేసారి కొని పట్టించుకోండి. నెలకు పంచుకుని చూస్తే పెద్ద బరువనిపించదు.

తర్వాత కరివేపాకు, కొత్తిమీర, పుదీనా. ఆ తర్వాత ద్రాక్ష, క్యాప్సికమ్, పచ్చిమిర్చి, బెండ, కాలీఫ్లవర్. పిల్లలు పచ్చిగా తినేది ఏదైనా ఈ జాబితాలో ముందుకు జరపండి.

సొర, గుమ్మడి, బూడిద గుమ్మడి, కంద, అరటికాయ, ఉల్లి, మునగ, పచ్చి బొప్పాయి, కొబ్బరి వీటికి సేంద్రియం కోసం డబ్బు పోయక్కర్లేదు. తొక్కైనా మందంగా ఉంటుంది, మందు అవసరమైనా తక్కువ. డబ్బు చాలని నెలలో వారానికి మూడు రోజులు వీటితోనే వండండి. మునగాకు పప్పు, పొన్నగంటి వేపుడు కూడా ఈ కోవలోవే. వీధి చివర మునగ చెట్టుకు ఎవరూ మందు కొట్టరు.

కాలం కాని కూర కొనకండి. వానలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో తెల్లటి కాలీఫ్లవర్ మచ్చ లేకుండా కనపడితే, దాన్ని అలా నిలబెట్టడానికి ఏం కొట్టి ఉంటారో ఆలోచించండి.

రాగులు, కొర్రలు, పప్పులు సేంద్రియంలో కూరగాయలంత తేడా లేని ధరకే దొరుకుతాయి. శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు కలెక్టివ్ రైతుల సహకార సంఘం చిరుధాన్యాలు, పప్పులు బెంగళూరు దాకా వస్తాయి. సీమ వర్షాధార నేలల్లో పండినవి. ఊరికి వెళ్లొచ్చేటప్పుడు ప్రకృతి వ్యవసాయం చేసే బంధువుల దగ్గర కందిపప్పు, వేరుశనగ తెచ్చుకునే వీలుంటే ఇంకా మంచిది.

సేంద్రియం అన్న మాటను ఎలా నమ్మాలి

మా పక్క వీధిలో ఒక సేంద్రియ దుకాణం ఉండేది. అందమైన వెదురు బుట్టలు, చేత్తో రాసిన ధరల పలకలు. ఒకరోజు పొద్దున్నే వెళ్తే సరుకు దింపుతున్నారు. టమోటా క్రేట్ల పక్కన రంగుతో రాసిన మండీ గుర్తు చూడగానే పోల్చుకున్నాను. మా ఊరి వైపు మండీల్లో క్రేట్ల మీద వేసే గుర్తే. అవే కాయలు గంట తర్వాత వెదురు బుట్టలోకి ఎక్కి రెట్టింపు ధర పలికాయి. ఆ రోజు నుంచి బుట్టను చూసి నమ్మడం మానేశాను.

ప్యాకెట్ సరుకైతే మూడు చూడండి. ఒకటి జైవిక్ భారత్ ముద్ర, లేదా దాని స్థానంలో వస్తున్న ఉమ్మడి ఇండియా ఆర్గానిక్ ముద్ర. జైవిక్ భారత్ సేంద్రియ ఆహారానికి 2017 నిబంధనలతో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తెచ్చిన గుర్తు. రెండోది 14 అంకెల లైసెన్సు నంబరు. మూడోది ధ్రువీకరణ వివరం. ఇది రెండు దారుల్లో ఉంటుంది. ఎన్‌పీఓపీ (జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం) అంటే గుర్తింపు పొందిన సంస్థ వచ్చి తనిఖీ చేసి ఇచ్చేది, పాత ఇండియా ఆర్గానిక్ ముద్ర దాని కిందదే. పీజీఎస్ ఇండియా అంటే రైతులు గుంపుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతి. పీజీఎస్‌లో "గ్రీన్" అని ఉంటే ఆ పొలం ఇంకా మారుతున్న దశలో ఉందని, "ఆర్గానిక్" అని ఉంటే పూర్తిగా మారిందని అర్థం. రసాయనాలు మానిన మర్నాటికే పొలం సేంద్రియమైపోదు. ఎన్‌పీఓపీ ప్రకారం ఏడాది పంటలకు రెండేళ్లు, ఏళ్ల తరబడి ఉండే పండ్ల తోటల్లాంటివాటికి మూడేళ్లు ఆగాలి.

"నేచురల్", "ఫామ్ ఫ్రెష్", "కెమికల్ ఫ్రీ" అన్న మాటల వెనుక ఏ తనిఖీ ఉందో చూపించమనండి. లేకపోతే అవి అలంకారమే. మట్టి లేకుండా నీళ్లలో పెంచిన లెట్యూస్, పాలకూర ఇప్పుడు ప్రతి సూపర్ మార్కెట్‌లోనూ ఉన్నాయి. వాటికి మందు కొట్టి ఉండకపోవచ్చు, కానీ పెరిగేది లవణ ద్రావణంలో. సేంద్రియం అనుకుని కొనకండి. హాప్‌కామ్స్ దుకాణాలు రైతుల సహకార సంఘానివి, 1959 నుంచి ఉన్నాయి, సరుకు తాజాగా ఉంటుంది. తాజా వేరు, సేంద్రియం వేరు. అక్కడ కొన్నా కడగాల్సిందే.

విడి కూరగాయలు అమ్మేవాళ్ల దగ్గర సర్టిఫికెట్ అడగడానికి మొహమాటపడకండి. చేతికిస్తే గడువు తేదీ, అందులో రాసిన పంటల పేర్లు చదవండి. రాగులకు తీసుకున్న కాగితం చూపించి టమోటా అమ్మేవాళ్లున్నారు. ఏడాదికి 12 లక్షల లోపు అమ్ముకునే చిన్న రైతు నేరుగా మనకు అమ్మితే ధ్రువీకరణ తప్పనిసరి కాదు, కాబట్టి కాగితం లేనంత మాత్రాన అతను అబద్ధం చెబుతున్నాడని కాదు. అలాంటి రైతును ప్రశ్నలతో తెలుసుకోవాలి.

"పురుగొస్తే ఏం చేస్తారు?" అని అడగండి. "మాకు పురుగే రాదండీ" అంటే లేచి వచ్చేయండి. నిజంగా చేసేవాడు ఆగకుండా చెబుతాడు: వేప కషాయం, పసుపు రంగు జిగురు అట్టలు, మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, టమోటా మధ్యలో బంతి సాళ్లు. కాయతొలిచే పురుగు బంతి పూల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది, అందుకే 16 సాళ్ల టమోటాకు ఒక సాలు బంతి వేయమంటారు. ఈ ఊరి శివార్లలోని హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ రైతులకు చెప్పే పద్ధతే ఇది. పోయినేడు ఏ పంట పోయిందో కూడా అడగండి. ఒక్క పంటా పోలేదనే సేంద్రియ రైతును నేనింతవరకూ చూడలేదు.

"నీళ్లెక్కడివి?" అన్న ప్రశ్న మరవకండి. బెంగళూరు మురుగు మోసే వృషభావతి నీళ్లతో బైరమంగల వైపు ఎన్నో ఏళ్లుగా పంటలు పండుతున్నాయి. మందు కొట్టకపోయినా అలాంటి నీళ్లలోని సీసం, కాడ్మియం లాంటి లోహాలు ఆకులోకి చేరతాయి. సోడా నీళ్లకు అవి లొంగవు. బోరు నీళ్లో, వాన నీటి కుంటో అయితే నయం.

అపార్ట్‌మెంటులో పదిళ్లు కలిసి ఒకరి దగ్గరే కొంటుంటే ఏడాదికొకసారి ఒక నమూనాను ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపండి. ఖర్చు కొన్ని వేలవుతుంది, పదిళ్లు పంచుకుంటే ఒక సినిమా ఖర్చు. రైతుకు చెప్పే పంపండి. నిజాయితీ ఉన్నవాడు ఆ రిపోర్టు కాపీ తనకూ కావాలంటాడు.

ఒక రైతును పట్టుకోండి

మా ఇంట్లో టమోటా తోట పొడవునా మందు కొట్టినా, బావి పక్కన రెండు సాళ్లు మాత్రం వదిలేసేవాళ్లు. కూరకు కాయలు కావాలంటే అమ్మ మమ్మల్ని అక్కడికే పంపేది. "ఆ పక్కకు పోవద్దు, బావికాడ కోసుకురండి." పుచ్చు కాయలు, పగిలిన కాయలు, చిన్నవి. అవే తినేవాళ్లం. ఇలా ఇంటికని వేరే సాళ్లు పెట్టుకున్న ఇళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నాయి.

అందుకే ఇప్పుడు కొత్త రైతు ఎవరు పరిచయమైనా నేను అడిగే ప్రశ్న ఇది: "మీ ఇంటికి ఏ సాళ్లలో కోసుకుంటారు?" హొసకోటె అవతల ఒకాయన ఈ ప్రశ్నకు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తోటలోకి తీసుకెళ్లి, మాకు పంపడానికి కోస్తున్న చిక్కుడు పాదు నుంచే గుప్పెడు తెంపి తన కూతురి చేతిలో పెట్టి, "వంటకు తీస్కోపో" అన్నాడు. ఆయన దగ్గరే నాలుగేళ్లుగా కొంటున్నాం. చింతామణి, మాలూరు, హొసకోటె వైపు తెలుగు మాట్లాడే రైతులు చాలామంది, భాష అడ్డు రాదు. సహజ సమృద్ధ లాంటి సేంద్రియ రైతు సంస్థలు పెట్టే మేళాలకు వెళ్తే ఇలాంటివాళ్లు ఒకేచోట కలుస్తారు. ఒక ఆదివారం పిల్లలతో పొలానికి వెళ్లి రండి.

ఏర్పాటు ఇలా చేసుకోండి. ఎనిమిది పది ఇళ్లు కలవండి, అంతకంటే తక్కువైతే రైతుకు రవాణా ఖర్చు గిట్టదు. వారానికి ఒకరోజు, ఇంటికి ఒక సంచి. ఏం కావాలో మీరు చెప్పకండి, ఏం కాసిందో ఆయన వాట్సాప్‌లో చెబుతారు. మొదటి నెల విసుగొస్తుంది. వరసగా మూడు వారాలు ముల్లంగి వచ్చిందని మా పిల్లలు అలిగారు. ముల్లంగి పప్పు, ముల్లంగి పచ్చడి, ఆకుతో వేపుడు చేసి గట్టెక్కాం. పుచ్చు కాయ వస్తే ఆ ముక్క కోసి పారేసి మిగతాది వండండి. ఫోటో తీసి గ్రూపులో పెట్టి డబ్బు వెనక్కి అడగకండి. ఆ మచ్చలేని కాయ కోసమే కదా మా నాయిన కోతకు ముందు రోజు ట్యాంకు వీపునెత్తుకుంది.

తెగులు ముదిరి రసాయన మందు కొట్టక తప్పలేదని ఎప్పుడైనా రైతు చెబితే కోప్పడకండి. ఏ మందు, ఏ రోజు కొట్టారో అడిగి రాసుకోండి. ఆ పంటను ఆ గడువు దాటేదాకా పంపొద్దని, ఆ వారం వేరే కూర పంపమని చెప్పండి. ఒకసారి మీరు విరుచుకుపడితే రెండోసారి ఆయన చెప్పడు, అంతే.

నెల డబ్బు ఒకటో తారీఖుకే ఇచ్చేయండి. వాన పడి మడులు మునిగితే ఆ వారం సంచి రాదు. మరుసటి వారం నాలుగు కట్టలు ఎక్కువేసి ఆయనే పంపుతాడు.